ఒంటబట్టిన జాలి

ఆ ఉదయానికి డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక కప్పు పెరుగు తినడం, షెడ్డుకు వెళ్ళడం, ఎండిన పెంట తూచడం, మధ్యాహ్నం యజమానిగారు వచ్చేసరికి ఉతికిన తెల్లకోటు వేసుకుని నింపాదిగా నిలబడడం. అంతే. ఇందులో తలకిందులు కావడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. పెరుగు దగ్గరే తలకిందులైంది.

వంటింట్లో పెరుగు గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"అత్తయ్యా, పెరుగేదీ?"

"పిల్లి తాగేసిందమ్మా," అంది అత్తగారు, వెనక్కి తిరక్కుండానే.

"మనకు పిల్లెక్కడిది?"

"మనది కాదు. ఎవరిదో."

"తాగి, గిన్నె కడిగి, బోర్లించి మరీ పోయిందా?"

"శుభ్రం తెలిసిన పిల్లి," అంది అత్తగారు. "నువ్వు బయల్దేరమ్మా, ఆలస్యమవుతోంది. మీ పెద్దసారు వస్తున్నాడన్నావుగా ఇవాళ."

కొన్నాళ్ళుగా ఇంట్లో పాలు రెట్టింపు కొంటున్నారు. పెరుగు మాత్రం కంటికి కనబడడం లేదు. డాక్టరమ్మ భర్తవైపు చూసింది. బస్సు డిపోలో మధ్యాహ్నం డ్యూటీ టైమ్‌కీపరైన ఆ మహానుభావుడు, ప్రశ్న తనవైపు మళ్ళుతుందేమోనని పేపరును మొహానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు. పొట్ట తగ్గించాలని ఆయన పట్టుదలగా రోజుకో పుచ్చకాయ కోస్తున్నాడు. కోశాక, తొక్కలు పారేసి వస్తానంటూ సంచి పట్టుకుని బయల్దేరతాడు. చెత్తకుండీ గుమ్మానికి ఎదురుగానే ఉంది. ఆయన వెళ్ళి వచ్చేలోపు ఊరంతా ఒక చుట్టు చుట్టి రావొచ్చు. పోనీలే, నడుస్తున్నాడు, నడక ఒంటికి మంచిదే అని ఆమె సరిపెట్టుకుంది. పందుల కడుపులో ఏం జరుగుతోందో గ్రాముల్లో చెప్పగల మనిషి, సొంత ఇంట్లో ఏం జరుగుతోందో ఆరా తీయలేదు.

డాక్టరమ్మ అంటే మనుషులకు సూదులు పొడిచే డాక్టరు కాదు. పందుల తిండి మీద పెద్ద చదువు చదివిన డాక్టరు. దాణా ఫ్యాక్టరీ వెనకాల ఉన్న పొడుగాటి షెడ్డు ఆమె రాజ్యం. పక్కనే క్వార్టర్సులో కాపురం. ఆమె చేస్తున్న పరీక్ష గురించి చుట్టాలతో చెప్పుకోవడం కాస్త ఇబ్బందే గాని, సంగతి మాత్రం తేలిక. ఎదిగే వయసులో ఉన్న పంది ఎంత తిన్నదన్నది కాదు ముఖ్యం, తిన్నదాంట్లో ఎంత ఒంటబట్టిందన్నది. అది తెలియాలంటే ముందు పెట్టింది తూచాలి, వెనక వచ్చింది తూచాలి. ఆ రెంటికీ ఉన్న తేడా పంది ఒంట్లో మిగిలినట్టు లెక్క.

పెరుగులో ఉండేలాంటి మంచి సూక్ష్మజీవుల్ని ఎండబెట్టి చేసిన పొడి ఒకటుంది. దాన్ని దాణాలో చిటికెడు కలిపితే పేగులు చురుకై, అదే దాణా మరింత ఒంటబడుతుందని డాక్టరమ్మ నమ్మకం. నమ్మితే చాలదు, రుజువు కావాలి. అందుకని షెడ్డులో ఒక వరస పందులకు పొడి కలిపిన దాణా, ఎదుటి వరసకు ఒట్టి దాణా పెడుతోంది. చూడ్డానికి రెండూ ఒకటే. ఒక వరస బకెట్లకు పచ్చ రిబ్బను, ఇంకో వరస బకెట్లకు పసుపు రిబ్బను కట్టింది. పొడి ఏ రిబ్బను బకెట్లలో ఉందో ఆమెకు తప్ప నరమానవుడికి తెలియదు. తెలిస్తే పనివాళ్ళ చెయ్యి ఏదో ఒకవైపు మొగ్గుతుందని ఆమె భయం. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. అది తర్వాత.

యజమానిగారు పోయిన నెల ఒక మాట అన్నాడు. "ఎన్నాళ్ళండీ ఈ పందులు? ఏదో ఒకటి తేల్చండి డాక్టరమ్మగారూ. తేలాక షెడ్డు సంగతి చూద్దాం." ఆ మాట ఆమెకు నిద్ర లేకుండా చేసింది. పొడి నెగ్గితే షెడ్డు ఉంటుంది, ఓడితే ఊడుతుంది అని అర్థం చేసుకుంది. షెడ్డు ఊడితే తన కొలువూ ఊడుతుంది, తనను నమ్ముకున్న షెడ్డు పనివాళ్ళిద్దరి కొలువులూ ఊడతాయి, పందుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడేళ్ళుగా కన్నబిడ్డలా సాకిన షెడ్డు అది. అందుకే ఆ రోజు తెల్లకోటు రెండుసార్లు ఉతికింది.

* * *

షెడ్డులో బాబాయ్ ఎదురొచ్చాడు. పందులకు మేత పెట్టి, గదులు కడిగి, వాటితో కష్టసుఖాలు మాట్లాడే పెద్దాయన. ఫ్యాక్టరీలో అందరికీ ఆయన బాబాయే, యజమానికి కూడా.

"అమ్మా, కాటా మీద ఎక్కించేశా అన్నిటినీ. పచ్చ వరస చూడండి, ఒక్కోటీ ఎలా నిగనిగలాడుతోందో! దొరగారినైతే కాటా మీంచి దింపడానికి నా తరం కాలేదు."

"దొరగారెవరు?"

బాబాయ్ నాలిక్కరుచుకున్నాడు. పందులకు పేర్లు పెట్టకూడదు, నంబర్లతోనే పిలవాలి అని డాక్టరమ్మ నియమం. పేరు పెడితే మమకారం పుడుతుందని.

"అదేనమ్మా, పచ్చ వరసలో మొదటి నంబరు," అన్నాడు గొంతు తగ్గించి.

డాక్టరమ్మ బరువులు చూసుకుంది. మొదట మొహం వెలిగిపోయింది. పచ్చ వరస అంటే పొడి తింటున్న వరస. తన పొడి నెగ్గింది! మరుక్షణం ఆ వెలుగు కాస్త తగ్గింది. మళ్ళీ లెక్క వేసింది. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి వేసింది. ఎన్నిసార్లు వేసినా అదే జవాబు. తిన్న దాణా తిన్నట్టే కండగా మారినా కూడా అంత బరువు రావడానికి వీల్లేదు. పొడి ఎంత గొప్పదైనా గాలిని మాంసం చెయ్యలేదు కదా అనుకుంది.

సరిగ్గా అప్పుడే పెంట ఎండబెట్టే ఓవెన్ గదిలోంచి జల్లెడక్క వచ్చింది. ఎండిన పెంటను పొడిచేసి జల్లించడం ఆమె పని. చేతిలో జల్లెడ లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, ఇది చూడండి. పచ్చ వరసది. జల్లెడలో మిగిలింది."

జల్లెడలో నల్లగా మెరుస్తూ గింజలు. డాక్టరమ్మ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"పుచ్చగింజ!"

"నేనూ అదే అనుకున్నా మేడం. దాణాలో మొక్కజొన్న, సోయాపిండి, తవుడు తప్ప ఏముంది? బన్నయితే కరిగిపోయేది, అంతుపట్టేది కాదు. గింజ కాబట్టి..." అని జల్లెడక్క ఠక్కున నోరు మూసుకుంది.

"బన్నేమిటి?"

"అబ్బే, మాటవరసకి మేడం."

అడగాల్సినవి డాక్టరమ్మకు చాలా ఉన్నాయి. నోరు తెరిచేలోపే గేటు దగ్గర కారు హారను మోగింది. మధ్యాహ్నం రావలసిన యజమాని పొద్దున్నే దిగబడ్డాడు.

* * *

యజమానిగారు మంచి మనిషే. ఒక్కటే జబ్బు, సంతోషం పట్టలేడు. సంతోషం వస్తే చెయ్యి దానంతటది ఫోను మీదికి పోతుంది. ఆయన వెనక ఓ మేస్త్రి కూడా దిగాడు, నడుముకు టేపు, చెవిమీద పెన్సిలు. దిగీదిగగానే మేస్త్రి ఎవరినీ పలకరించకుండా గోడలు కొలవడం మొదలుపెట్టాడు.

"ఈయనెందుకు సార్?" అంది డాక్టరమ్మ.

"అదంతా తర్వాత చెప్తా. అంతా మంచికే. ముందు మీ పందుల్ని చూపించండి."

డాక్టరమ్మ గుండె ఒక్క గంతు వేసింది. మేస్త్రిని తెచ్చాడంటే షెడ్డు పెంచుతున్నాడన్నమాట! ఆ ఆనందంలో పుచ్చగింజలు కోటు జేబులో పడేసి ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

పచ్చ వరస ముందుకు రాగానే యజమాని నిలుచున్నచోటే నిలబడిపోయాడు. దొరగారు రెండు ముందరి కాళ్ళూ గోడమీద పెట్టి, చెవులు నిక్కించి, వచ్చిందెవరా అని తలుపువైపు చూస్తున్నాడు.

"అబ్బబ్బబ్బ! ఏం కళ, ఏం కళ! ఇదే కదూ పొడి తిన్నది?"

"అవును సార్. కానీ ఇంకా కొన్ని లెక్కలు..."

"లెక్కలెందుకండీ, కళ్ళు లేవా నాకు!" అంటూ ఆయన ఫోను తీశాడు. మొదటి ఫోను బావమరిదికి, సంచులు అచ్చువేసేది అతనే. "బావా, సంచి మీద పూలబొమ్మ వద్దు, పంది బొమ్మ వెయ్. ఏ పంది ఏమిటయ్యా, మా పంది! ఫోటో పంపిస్తా." రెండో ఫోను దాణా అమ్మే డీలర్లకు. మూడోది ఫోటో తీసే అతనికి. నాలుగోది ఎవరికో డాక్టరమ్మకు తెలియలేదు గాని, "మా డాక్టరమ్మగారు అసాధ్యురాలు" అన్న ముక్క మాత్రం చెవిన పడింది.

ఆయన ఫోనులో ఉండగానే ఆమె షెడ్డు చివర తొట్లు కడుగుతున్న బాబాయ్‌ని దాణా బస్తాల చాటుకు లాక్కెళ్ళింది.

"బాబాయ్, నాకంతా తెలిసిపోయింది. నిజం చెప్పెయ్."

బాబాయ్ తలపాగా తీసి చేతిలో నలిపాడు. నేల చూపులు చూశాడు. అంతా అయ్యాక ఒక్కసారిగా బావురుమన్నాడు.

"తప్పేనమ్మా! మా ఆవిడ నాకు కట్టిచ్చిన చిలగడదుంపలు వాటికి పెట్టాను. రోజూ కాదు. అంటే రోజూనే. ఏం చెయ్యను, ప్రాణం ఒప్పుకోలేదు!"

"చిలగడదుంపలా? మరి పుచ్చకాయ?"

"పుచ్చకాయ సంగతి నాకు తెలీదమ్మా, ఒట్టు. దుంపలే."

బస్తాల అవతల్నించి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. జల్లెడక్క నిలబడి ఉంది.

"మేడం, బాబాయ్‌ని తిట్టకండి. నేనూ బన్నులు వేశాను. క్యాంటీనులో సాయంత్రం మిగిలిపోతాయి కదా అని. నేనొక్కదాన్నే అనుకున్నాను మేడం, బాబాయ్ కూడా పెడుతున్నాడని తెలిస్తే మానేసేదాన్ని."

"నువ్వు పెడుతున్నావని తెలిస్తే నేనూ మానేసేవాణ్ణే," అన్నాడు బాబాయ్, కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అసలు ఆ వరసకే ఎందుకు పెట్టారు? రెండు వరసలున్నాయి కదా!"

ఇద్దరూ ఆమెను వింతగా చూశారు. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

"పాపం, ఆ పచ్చ వరసకు మందు లేదు కదమ్మా," అన్నాడు బాబాయ్.

"మందు లేదని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? మీరు రోజూ పొద్దున రాగానే ఎటు వెళ్తారు? పసుపు వరస దగ్గరికే. చెవుల వెనక గోకుతారు, మాట్లాడతారు, బంగారుకొండా అంటారు. పచ్చ వరసను కన్నెత్తి చూడరు. మందు ఎవరికి పడుతోందో మాకామాత్రం తెలీదా? ఆ పిల్లకాయలు చేసిన పాపమేంటమ్మా? ఎదిగే వయసు. అటు పక్కవాళ్ళకు మందూ మాకూ, ఇటు పక్కవాళ్ళకు మొండిచెయ్యి."

డాక్టరమ్మ బస్తా మీద కూలబడింది. పసుపు వరస దగ్గరికి ఆమె వెళ్ళే మాట నిజమే. కారణం ఒక్కటే. వాటికే పొడి లేదు. ఏమీ ఇవ్వలేకపోతున్నానన్న బాధకొద్దీ కాసేపు గోకి వచ్చేది. గోకడం దాణా కిందికి రాదు కాబట్టి పరీక్షకు ఏమీ కాదని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఆ గోకుడు చూసి వీళ్ళు తారుమారుగా అర్థం చేసుకుని, అసలే పొడి తింటున్న వరసకు దుంపలూ బన్నులూ దోచిపెట్టారు.

* * *

"డాక్టరమ్మగారూ! ఎక్కడున్నారు? ఇలా రండి, వింత చూద్దురుగాని!"

పరుగెత్తింది. పచ్చ వరసలో ఉన్న పందులన్నీ ఒక్కసారిగా లేచి ముందు తలుపుకేసి అరుస్తున్నాయి. తలుపు దగ్గర సంచి చేత్తో పట్టుకుని, లోపల యజమానిని చూసి, వెనక్కి తిరిగి పారిపోవాలా వద్దా అని ఆలోచిస్తూ ఆమె భర్త నిలబడి ఉన్నాడు.

"చూశారా ఎంత చురుకో!" అన్నాడు యజమాని మురిసిపోతూ. "కొత్త మనిషి వస్తే ఎలా లేచి నిలబడ్డాయో! అదీ పొడి మహిమ!"

దొరగారు ఆ కొత్త మనిషిని చూసి తోకాడిస్తున్న తీరు పాత చుట్టాన్ని చూసినట్టుంది. డాక్టరమ్మ భర్త దగ్గరికి వెళ్ళి, పళ్ళ బిగువున నవ్వుతూ, "సంచిలో ఏముందండీ?" అంది.

"చెత్త."

"చెత్తకుండీ మనింటి ముందుంది కదా."

"అది... నిండిపోయింది."

"పుచ్చతొక్కలేనా?"

ఆయన సంచిని వీపు వెనక్కి జరుపుకున్నాడు. "చూడవోయ్, నేను వాటికి పండు పెట్టలేదు. తొక్కలే. అంటే ఎర్రటిది కాస్త ఎక్కువే వదిలి కోసేవాణ్ణి. నువ్వే చెప్పావుగా ఆరోజు, పాపం కొన్నింటికి ఏమీ దక్కదు అని. నువ్వు ఎప్పుడూ ఆ పసుపువాటినే గోకుతుంటే, ఏమీ దక్కనివి ఇవేనని తెలిసిపోయింది. నువ్వు బాధపడితే నేను చూడలేను."

ఆ మాటకు ఆమె కోపం సగం దిగిపోయింది. ఎవరి పొట్ట తగ్గాలని పుచ్చకాయలు కొన్నారో వారి పొట్ట అలాగే ఉందని, ఎవరి పొట్ట పెరిగిందో ఎదురుగా కనబడుతోందని అప్పటికి తట్టింది. మిగతా సగం కోపాన్ని ఎక్కడ పెట్టాలా అనుకుంటుండగా వెనక తలుపు కిర్రుమంది.

పచ్చ వరస దద్దరిల్లిపోయింది. ఇందాకటి అరుపులు దీని ముందు గుసగుసలు. తొట్లు ఎగిరిపడ్డాయి. మేస్త్రి టేపు వదిలేసి గోడెక్కాడు. గుమ్మంలో చంకన మూత గిన్నెతో అత్తగారు. రోజూ డాక్టరమ్మా పనివాళ్ళూ ఓవెన్ గదిలో తూకాల్లో మునిగి ఉండగా ఆమె వచ్చి వెళ్ళేది, ఆ తర్వాతే కొడుకు వచ్చేవాడు కాబట్టి తల్లీకొడుకులు ఎన్నడూ ఎదురుపడలేదు. ఆ రోజు ఆమెకు ఆలస్యమైంది.

"నువ్వేంట్రా ఇక్కడ?" అంది అత్తగారు.

"నువ్వేంటమ్మా ఇక్కడ?" అన్నాడు కొడుకు.

"నేను నడకకొచ్చాను."

"గిన్నెతోనా?"

అప్పటికి ఆమెకు కోడలు కనబడింది. అయినా ఆ తల్లి జంకలేదు. వచ్చిన పని చేసుకోవాలన్నట్టు గిన్నె మూత తీసింది. గడ్డపెరుగు వాసన షెడ్డంతా గుప్పుమంది. దొరగారు గోడమీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"పిల్లి," అంది డాక్టరమ్మ.

"నీ పొడిలో ఉండేది పెరుగులోనూ ఉంటుందని నువ్వే అన్నావు కదమ్మా ఓసారి. నువ్వు కన్నెత్తి చూడని ఈ మందు లేని పిల్లలకి ఆ పెరుగైనా పడితే పేగు చల్లబడుతుందని పోస్తున్నా. ఇదేమైనా దొంగతనమా?"

యజమాని ఒకచేత్తో ఫోను పట్టుకుని ఇటూ అటూ చూస్తున్నాడు. "ఈవిడెవరు? ఆ గిన్నేమిటి? ఏం జరుగుతోందండీ ఇక్కడ?"

బాబాయ్ డాక్టరమ్మ చెవి దగ్గర గొణిగాడు. "అమ్మా, సారు సంతోషంగా ఉన్నారు. మేస్త్రి కూడా వచ్చాడు. అత్తగారు మీకు భోజనం తెచ్చారని చెప్పేస్తే పోతుంది. షెడ్డు నిలబడుతుంది. ఎవరికీ నష్టం లేదు."

నిజానికి చాలా తేలికైన అబద్ధం. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. జేబులో చెయ్యి పెట్టుకుంటే పుచ్చగింజలు తగిలాయి. డాక్టరమ్మ ఒక్కసారి షెడ్డంతా కలయజూసింది. ఇదంతా పోతుందని ఏడుపొచ్చింది. అబద్ధం మాత్రం రాలేదు.

"సార్, ఫోన్లు ఆపండి. పచ్చ వరస బలిసింది పొడి వల్ల అని చెప్పలేను," అని మొదలుపెట్టి దుంపలు, బన్నులు, తొక్కలు, పెరుగు అన్నీ వరసగా చెప్పేసింది. ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్ళు తల వంచుకున్నారు.

"దాచెయ్యొచ్చు కదండీ! నాకెలా తెలిసేది?" అన్నాడు యజమాని, ఆశ్చర్యంగా.

"మీకు తెలీదు సార్. కానీ మన సంచి మీద బొమ్మ చూసి ఎవరో కొనుక్కెళ్ళి వాళ్ళ పందులకు పెట్టుకుంటారు. వాళ్ళింటికి మా అత్తయ్య పెరుగు పట్టుకెళ్ళదు కదా."

"చిరునామా ఇస్తే వెళ్తాను," అంది అత్తగారు.

యజమాని నుదురు రుద్దుకున్నాడు.

"అయితే పొడి పనిచేస్తుందా, చెయ్యదా?"

"తెలీదు సార్."

"పెరుగు పనిచేసిందా?"

"తెలీదు సార్."

"దుంపలు? బన్నులు? పుచ్చకాయ?"

"ఏది ఎంత ఒంటబట్టిందో తెలీదు సార్."

"మరి ఇన్నాళ్ళ పరీక్షలో మీకు తెలిసిందేమిటి?"

"ఈ పందులంటే అందరికీ ప్రాణమని తెలిసింది సార్," అంది డాక్టరమ్మ, తలదించుకుని.

యజమాని నిట్టూర్చాడు. "మేస్త్రీ, దిగు. టేపు చుట్టెయ్. గోడౌను ఇప్పుడు లేదు."

"గోడౌనా?" డాక్టరమ్మ తల ఎత్తింది. "షెడ్డు పెంచడానికి కాదా?"

"పెంచడమేమిటండీ? పొడి పనిచేస్తుందని తేలిపోయాక ఇంక పందులెందుకు? పొడి అమ్ముకుంటాం, సంచులు పెట్టుకోవడానికి చోటు కావాలి. ఈ పందుల్ని పంపించేసి దీన్నే గోడౌను చేద్దామని మేస్త్రిని తెచ్చా. మీ అందరికీ ఆ సంచుల దగ్గరే ఏదో పని చూద్దామనుకున్నా. పోనీ పొడి పనిచెయ్యదని తేలినా అంతే, గోడౌనే. ఎటు తేలినా ఏం చెయ్యాలో అనుకునే వచ్చాను. అసలేమీ తేలకపోతే ఏం చెయ్యాలో మాత్రం అనుకోలేదు."

డాక్టరమ్మ దొరగారివైపు చూసింది. ఇన్నాళ్ళూ తాను గెలిపించాలని తాపత్రయపడిన పరీక్ష గెలిస్తే దొరగారు లారీ ఎక్కేవాడు. గెలవకుండా కాపాడింది అత్తగారి గిన్నె. ఆమె వెళ్ళి అత్తగారి భుజం మీద తల వాల్చింది. "ఏడవకమ్మా, రేపట్నించి నీకూ ఒక కప్పు ఉంచుతా," అంది అత్తగారు వీపు నిమురుతూ.

యజమాని గిన్నె దగ్గరికి వచ్చి, స్పూను అడిగి, పెరుగు ఒకసారి రుచి చూశాడు. రెండోసారి కూడా చూశాడు. చెయ్యి మెల్లగా ఫోను మీదికి పోయింది. మధ్యలో ఆగింది.

"లేదు, తేలాకే ఫోను. డాక్టరమ్మగారూ, ముందీ పెరుగు సంగతి తేల్చండి. ఒక వరసకి పెరుగు, ఒక వరసకి ఏమీ వద్దు. పెరుగు ఈవిడే తోడు పెట్టాలి. తేలేదాకా షెడ్డు జోలికి రాను."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అత్తగారు మాత్రం పసుపు వరసవైపు అనుమానంగా చూస్తోంది.

"అమ్మాయ్, పచ్చవాటికి మందు పడిందన్నావు. అంటే ఇన్నాళ్ళూ ఆ పసుపువాటికి మందూ లేదు, పెరుగూ లేదా?"

"లేదత్తయ్యా."

"దుంపా లేదు, బన్నూ లేదా?"

"లేదత్తయ్యా."

"అయ్యయ్యో!" అని అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయ్ మొహం తిప్పుకున్నాడు. జల్లెడక్క ముక్కు చీదింది. భర్త సంచీలోకి తొంగిచూశాడు.

"వద్దు!" అని ఒక్క కేక పెట్టింది డాక్టరమ్మ.

* * *

కొత్త పరీక్ష మొదలైంది. పాత పందులు పక్క కొట్టంలోకి మారాయి, దొరగారు చుట్టపుచూపుగా అప్పుడప్పుడు వచ్చి పోతున్నాడు. వరసల్లో కొత్త పిల్లలొచ్చాయి. అందరిచేతా డాక్టరమ్మ ఒట్టు వేయించుకుంది. బాబాయ్ తన దుంపలు తనే తింటున్నాడు. జల్లెడక్క క్యాంటీను వైపే పోవడం లేదు. భర్త పుచ్చకాయలు మానేశాడు, పొట్ట కాస్త తగ్గింది. అత్తగారు పొద్దున్నే కోటు వేసుకుని, పెరుగు కొలిచి, రాయించి, పెరుగు వరసకు మాత్రమే పోస్తోంది. ఒక్క చుక్క ఎదుటి వరసకు పడనివ్వడం లేదు. డాక్టరమ్మ కూడా ఎవరినీ గోకడం లేదు. ఇంట్లో పెరుగు గిన్నె నిండుగా ఉంటోంది. అలా కొన్నాళ్ళు అందరూ హాయిగా ఉన్నారు.

ఒక రోజు ఓవెన్ గది ఫ్రిజ్ సర్దుతూ డాక్టరమ్మ పాత పొడి డబ్బా ఎత్తింది. చాలా తేలిగ్గా ఉంది. మూత తీసి చూస్తే అడుగు కనబడుతోంది. పెరుగు లేని వరస ఈమధ్య నిగనిగలాడుతోందని బాబాయ్ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళింది.

"అత్తయ్యా, ఫ్రిజ్‌లో పొడి ఏమైంది?"

అత్తగారు వెనక్కి తిరక్కుండానే, "పిల్లి అయ్యుంటుందమ్మా," అంది.

డాక్టరమ్మ మర్నాడే ఆ ఫ్రిజ్‌కు గట్టి తాళం కొని వేసింది, తాళంచెవి ఎక్కడ దాచిందో ఒక్క భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.